వంగిపోయే ఈటె ఎవడిక్కావాలి? రోమన్ పీలుమ్ రెప్లికాల మీద నా గొడవ

రోమన్ సైనికుల సామాన్లు అమ్మే ఆన్‌లైన్ షాపు ఏదైనా తెరిచి పీలుమ్ అని కొట్టండి, ధర కిందే దాదాపు ఒకే రకం ముక్క కనిపిస్తుంది. మెత్తటి ఇనప కాడ అండీ, తగలగానే వంగిపోతుందండీ, శత్రువు పీకి మళ్ళీ మన మీదకే విసరలేడండీ, అచ్చం రోమన్లు వాడినట్టేనండీ అని. యూట్యూబ్‌లో ఇదే, మ్యూజియంలో పిల్లలకి చెప్పేదీ చాలాసార్లు ఇదే. వినడానికి బావుంటుంది కాబట్టి ఎవరూ అడ్డం అడగరు. నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను, అడిగినందుకు నేనున్న రోమన్ వేషాల గుంపులో ఇద్దరు ముగ్గురికి నేనంటే కాస్త చిరాకు కూడా. నా వాదన ఇదీ: వంగడం కోసం చేసిన పీలుమ్ రెప్లికా అసలు ఈటెకి నకలే కాదు, అది రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాసిన ఒక్క వాక్యానికి నకలు. అసలు ఈటె పని దిగబడడం. డాలులోంచి దూరిపోయి వెనకున్న మనిషిని అందుకోవడం. వంగిందా, వంగింది, మంచిదే, కానీ దానికోసం చేసింది కాదు.

తెలియనివాళ్ళకి ముందు వస్తువేంటో చెప్పేస్తాను. పీలుమ్ అంటే రోమన్ కాల్బలం విసిరే బరువైన ఈటె. మొత్తం పొడుగు రెండు మీటర్లకి అటూ ఇటూ. కింద కర్ర, దాని మీద సన్నటి పొడుగాటి ఇనప కాడ, ఆ కాడ చివర చిన్న పిరమిడ్ ఆకారం ములికి. కాడ పొడుగు తవ్వకాల్లో రకరకాలుగా దొరికింది గానీ 60 నుంచి 90 సెంటీమీటర్లు అనుకుంటే పెద్ద తప్పు లేదు, మందం మాత్రం చాలా తక్కువ, ఏడెనిమిది మిల్లీమీటర్లు. చూడగానే ఇదేంటి ఇంత బక్కగా ఉంది అనిపిస్తుంది. మామూలు బల్లేనికి ఆకులాంటి వెడల్పు మొన ఉంటుంది కదా, అది డాలుకి తగిలితే అక్కడే ఇరుక్కుని ఆగిపోతుంది. పీలుమ్‌కి ములికి కాడకన్నా కొంచెమే లావు, అంచేత అది చేసిన కన్నంలోంచి కాడ రాపిడి లేకుండా జారిపోతుంది, వెనక కర్ర బరువంతా తోస్తూనే ఉంటుంది, దబ్బనం గోనెసంచిలోకి దిగినట్టు. డాలు పట్టుకున్నవాడి ఒళ్ళు డాలుకి జానెడు, మూరెడు దూరంలోనే ఉంటుంది, అంత పొడుగు కాడ ఎందుకు పెట్టారో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఈ లెక్క కాగితం మీదది కాదు. మార్కుస్ యుంకెల్మన్ అనే జర్మన్ చరిత్రకారుడు 1985లో కొంతమందిని పోగేసి తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం నాటి వేషం, బరువులతో వెరోనా నుంచి ఆల్ప్స్ దాటి ఆగ్స్‌బుర్గ్ దాకా నడిపించాడు, ఆయన చేయించిన పీలుమ్ 5 మీటర్ల దూరం నుంచి విసిరితే 30 మిల్లీమీటర్ల పైన్ చెక్కలోంచి దూరిపోయింది. దీన్ని అసలు డాలుతో పోల్చి చూడండి. ఈజిప్టులో ఫయ్యూమ్ దగ్గర 1900లో దొరికిన డాలు ఉంది, 1.28 మీటర్ల పొడుగు, బిర్చి చెక్క పట్టీలు అడ్డం నిలువుగా మూడు పొరలు అంటించి చేసింది, మధ్యలో మందం సెంటీమీటరు పైచిలుకు, అంతే. ఇలాంటి డాలుకి అలాంటి ఈటె తగిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

నేనుండేది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన, ఉద్యోగం అందరిదీ లాగానే కంప్యూటర్ ముందు. బాద్ హోంబుర్గ్ దగ్గర కొండ మీద సాల్‌బుర్గ్ అని రోమన్ కోట ఉంది, శిథిలాల మీద 1897 నుంచి 1907 దాకా కైజర్ రెండో విల్‌హెల్మ్ పూనుకుని తిరిగి కట్టించాడు. అక్కడ ఒకసారి రీఎనాక్టర్లని, అంటే పాతకాలం వేషాలూ ఆయుధాలతో చరిత్రని మళ్ళీ ఆడి చూపించేవాళ్ళని, చూసి, వాళ్ళ వెనకాల తిరిగి, చివరికి ఒక గుంపులో చేరాను. చేరినవాడు ఊరుకుంటాడా, సొంత పీలుమ్ కావాలి కదా, ఆన్‌లైన్‌లో కొనేశాను. పార్సిల్ విప్పితే కర్ర మీద చిన్న స్టిక్కర్: మేడ్ ఇన్ ఇండియా. ఇంట్లో నా భార్య ఎంత నవ్విందో చెప్పలేను. ఇక్కడివాళ్ళకి మాత్రం ఇది వింతేం కాదు, యూరప్‌లో, అమెరికాలో రీఎనాక్టర్లు వేసుకునే రోమన్ హెల్మెట్లూ కవచాలూ కత్తులూ చాలావరకు మీరట్ నుంచీ డెహ్రాడూన్ నుంచీ వచ్చేవే. అక్కడి కార్ఖానాల మీద నాకేం కోపం లేదు, నిజానికి చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది, వాళ్ళకి ఇచ్చిన డ్రాయింగు ప్రకారం, ఇచ్చిన రేటుకి ఎంతవుతుందో అంత చేసి పంపుతారు. నా గొడవంతా డ్రాయింగు ఇచ్చేవాళ్ళతో.

నాకొచ్చిన ఈటె గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మార్కెట్‌లో దొరికే చాలావాటి లోపాలు దీన్లోనే ఉన్నాయి. కాడ బిల్డింగ్ పనికి వాడే ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్డు, 12 మిల్లీమీటర్లు, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. ములికి విడిగా చేసి కాడ కొసకి వెల్డింగ్ పెట్టి, గ్రైండర్‌తో నున్నగా రుద్ది, పైన నల్ల రంగు కొట్టారు, రంగు గీకితే కింద వెల్డింగ్ వేడికి నీలం తిరిగిన చోటు కనిపించింది. కొస మొద్దుగా ఉంది, వేలితో గట్టిగా నొక్కినా గుచ్చుకోదు, సేఫ్టీ కోసమట. కర్రా ఇనుమూ కలిసేచోట ఉండే చెక్క దిమ్మ అసలువాటిలో సన్నగా, పైకి పోయేకొద్దీ కూచిగా ఉంటుంది, నాదాన్లో అది పాల సీసా అంత లావు. రివెట్లు రెండు కనిపిస్తున్నాయి గానీ అవి ఇటునుంచి అటు దాకా పోవు, పైపైన కొట్టిన మేకులు. ఆపైన వార్నిష్, మొహం చూసుకోవచ్చు అందులో.

దాన్ని మా గుంపు వాళ్ళు ప్రాక్టీస్ చేసే మైదానానికి పట్టుకెళ్ళాను. మా ఆఫీసులో నెల్లూరు కుర్రాడొకడున్నాడు, వాడూ సరదాగా వచ్చాడు. చేతిలో పట్టుకుని ఊపి చూసి "అన్నా, ఇంత బరువుందేంది, నీరజ్ చోప్రా అయితే దీన్ని ఎంత దూరం ఇసురుతాడంటావ్?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఒలింపిక్స్‌లో మగవాళ్ళు విసిరే జావెలిన్ 800 గ్రాములు, గాల్లో తేలేలా చేసిన వస్తువు, నీరజ్ దాన్ని 2025లో దోహాలో 90.23 మీటర్లు విసిరాడు, ఆ రోజే 91.06 విసిరి అతన్ని దాటేసిన జూలియన్ వెబర్ మైంజ్ క్లబ్బువాడు, ఆ మైంజ్ ఒకప్పుడు లీజియన్లు, అంటే రోమన్ సైనిక దళాలు, మకాం వేసిన ఊరు. పీలుమ్ బరువు కిలో నుంచి రెండు కిలోల మధ్య ఏదో ఒకచోట ఉంటుంది, రకాన్ని బట్టి. దూరం దాని లక్ష్యం కాదు, మామూలు మనిషి పాతిక ముప్ఫై మీటర్లు విసిరితే గొప్ప, పని జరిగేది అంతకంటే బాగా దగ్గర్లో. విసరడం, వెంటనే కత్తి దూయడం, మీద పడడం, ఈ మూడూ ఒకే ఊపులో జరిగేవి. సీజర్ ఒక చోట రాస్తాడు, శత్రువులు ఎంత వేగంగా మీదకొచ్చేశారంటే ఈటెలు విసిరే టైమే లేక కింద పడేసి కత్తులు దూశారట, అంత దగ్గరి వ్యవహారం ఇది.

సరే, మైదానంలో ఏమైందో చెప్తాను. డాలు మందంలో ప్లైవుడ్ బిగించి నిలబెట్టి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని (ఇది మర్చిపోవద్దు ఎవరూ), నా కొత్త ఈటె విసిరాను. తగిలి, చెక్క మీద చిన్న సొట్ట పెట్టి, పక్కకి పడిపోయింది. ఇంకోసారి. ఈసారి నేలకి ఏటవాలుగా తగిలి కాడ వంగింది, అంత లావు రాడ్డు కూడా. గుంపులో ఒకాయన చప్పట్లు కొట్టి చూశావా, రోమన్లు చెప్పినట్టే వంగింది అన్నాడు. మెడ దగ్గర చూస్తే వెల్డింగ్ చుట్టూ వెంట్రుకంత పగులు.

అదే గుంపులో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు, ఇంటి వెనక షెడ్డులో కొలిమి పెట్టుకుని సరదాకి కమ్మరం పని చేస్తాడు. ఆయన చేసిన పీలుమ్ కాడ ములికితో సహా ఒకే ఇనుములోంచి సాగదీసింది, మొదట్లో లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, కొస చేత్తో ముట్టుకోవాలంటే భయం వేసేలా ఉంటుంది. అదే ప్లైవుడ్‌కి అదే దూరం నుంచి విసిరితే వచ్చిన చప్పుడే వేరు, టప్ మని పొట్టి చప్పుడు, ములికి అవతలికి వచ్చేసి కాడ సగం దిగిపోయింది. కర్ర బరువుకి కొంచెం కిందకి వాలింది గానీ కాడ తిన్నగానే ఉంది. అసలు కథ తర్వాత. బయటికి లాగుదామని చెక్క మీద కాలు పెట్టి లాగితే కాడ జారుతోంది, జారి జారి ములికి దగ్గరకొచ్చేసరికి టక్కున ఆగిపోతోంది, ఎందుకంటే ములికి దాటాక చెక్క పోగులు మళ్ళీ దగ్గరకొచ్చేసి దాని వెనక భుజాలని పట్టేశాయి. నెల్లూరు కుర్రాడూ నేనూ ఇద్దరం లాగినా రాలేదు, చివరికి అవతలి వైపు నుంచి సుత్తితో కొట్టి వెనక్కి పంపాల్సొచ్చింది. యుద్ధం మధ్యలో సుత్తి ఎవడిస్తాడు? చేతిలో ఉన్న డాలుకి రెండు మీటర్ల కర్ర వేలాడుతుంటే ఆ డాలు ఇక డాలు కాదు. ఈ మొత్తంలో వంపు పాత్ర సున్నా.

అందుకే అంటున్నాను, రెప్లికాల్లో ఈ వంగడం అనేది చాలావరకు మొద్దు కొస చేసే పని. కొస లోపలికి దిగకపోతే ఊపంతా ఎక్కడికో పోవాలి కదా, అది కాడని వంచుతుంది. సేఫ్టీ కోసం కొస మొద్దు చేస్తారు, మొద్దు కాబట్టి దిగదు, దిగదు కాబట్టి వంగుతుంది, వంగింది కాబట్టి చూశారా అసలుదీ ఇంతే అంటారు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది వాదన.

ఇప్పుడు సీజర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అవతలి పక్షం బలమంతా ఆయనే. క్రీ.పూ. 58లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని బిబ్రాక్టే దగ్గర, హెల్వెటీలనే గాల్ తెగతో యుద్ధం. ఎత్తు మీద నుంచి రోమన్లు పీలుమ్‌లు విసిరారు, గాల్ జాతివాళ్ళు డాళ్ళు ఒకదాని మీద ఒకటి ఆన్చి గోడలా నిలబడ్డారు, ఒకే దెబ్బకి రెండు మూడు డాళ్ళు కలిపి గుచ్చుకుపోయాయి, ఇనుము వంగిపోయింది, పీకలేకపోయారు, ఎడమ చెయ్యి కదలక, చాలాసేపు విదిలించి విదిలించి చివరికి డాళ్ళు పారేసి ఉత్త ఒంటితో పోరాడారు. కళ్ళారా చూసినవాడి సాక్ష్యం, నేను కాదనను. కానీ జాగ్రత్తగా చదవండి, ఆయన చెప్పే మొదటి విషయం ఏంటి? దూరిపోయింది అని. ఒకటికి మించి డాళ్ళలోంచి దూరింది. తర్వాత ఇద్దరు ముగ్గురు మనుషులు చెరో వైపు లాగుతుంటే మధ్యలో ఉన్న సన్నటి ఇనుము వంగక ఏం చేస్తుంది? వంగేలా తయారు చేశాం అని ఆయన ఎక్కడా అనలేదు.

పైగా ఆ మరుసటి ఏడాదే, క్రీ.పూ. 57లో, నెర్వీలనే ఇంకో తెగతో యుద్ధం గురించి అదే సీజర్ ఏం రాశాడో చూడండి. నెర్వీలు చచ్చినవాళ్ళ గుట్టల మీద నిలబడి, రోమన్లు విసిరిన పీలుమ్‌లని పట్టుకుని తిరిగి రోమన్ల మీదకే విసిరారట. ఇదేంటి మరి? తగలగానే వంగిపోయి పనికిరాకుండా పోవాలి కదా? షాపు వర్ణనలు రాసేవాళ్ళు ఈ రెండో చోటు చదివినట్టు నాకైతే కనిపించదు.

నన్నడిగితే అన్నిటికన్నా గట్టి సాక్షి సీజర్ కాదు, అంతకు వందేళ్ళ ముందు రాసిన పొలీబియస్ అనే గ్రీకువాడు. రోమన్ సైన్యం గురించి చెప్తూ ముందు కుర్ర సైనికుల చిన్న ఈటెల గురించి చెప్తాడు, వేలెడు లావు కర్ర, జానెడు మొన, ఆ మొనని ఎంత పల్చగా సాగగొడతారంటే మొదటి దెబ్బకే వంగిపోతుంది, శత్రువు తిరిగి విసరలేడు, లేకపోతే ఆ ఆయుధం ఇద్దరికీ పనికొస్తుంది కదా అంటాడు. కనిపెట్టారా? ఈ రోజు షాపుల్లో పీలుమ్ కింద రాస్తున్న మాటలు ఇవే! ఆయన రాసింది వేరే ఈటె గురించి. ఆ వెంటనే పీలుమ్ దగ్గరికొచ్చి పూర్తిగా ఇంకో పాట పాడతాడు, ఇనుముని కర్ర మధ్య దాకా దించి వరసగా రివెట్లు కొట్టి ఎంత గట్టిగా బిగిస్తారంటే ఊడిపోవడం కంటే ముందు ఇనుమే విరుగుతుంది, అంత శ్రద్ధ పెడతారు అని. వంగే ఈటె అంటే ఏంటో, దానివల్ల లాభమేంటో బాగా తెలిసిన మనిషి, పీలుమ్ గురించి చెప్పేటప్పుడు వంగడం ఊసే ఎత్తకుండా గట్టిదనాన్ని పొగిడాడు. ఇంతకంటే ఏం కావాలి?

ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత చెప్పే రోమన్ సేనాని మారియస్ కథ కూడా నా మీదకి విసురుతుంటారు, అది తిరిగి వాళ్ళకే తగులుతుంది. క్రీ.పూ. 101లో కింబ్రీ తెగతో యుద్ధానికి ముందు మారియస్ పీలుమ్‌కి ఉండే రెండు ఇనప మేకుల్లో ఒకటి తీసేసి చెక్క మేకు పెట్టించాడట, తగలగానే అది విరిగి కర్ర వేలాడి నేల మీద ఈడ్చుకుపోవాలని. ఇనుము తనంతట తనే చక్కగా వంగిపోతుంటే ఆయనకి ఈ శ్రమ ఎందుకు? అప్పటిదాకా ఈటె డాలులో తిన్నగా నిలబడి ఉండేదనేగా దానర్థం. ఆ మార్పు ఎన్నాళ్ళు నిలిచిందనేది వేరే ప్రశ్న, జర్మనీలోనే ఓబెరాడెన్ అనే రోమన్ కోటలో, అంటే క్రీ.పూ. 11 నాటి చోట, తడి నేల వల్ల కర్ర ముక్కతో సహా దొరికిన పీలుమ్‌లు ఉన్నాయి, వాటి బిగింపు చూస్తే వదులుగా ఊడిపోవాలని చేసినట్టు ఎవరికీ అనిపించదు.

ఇంకొకటి, ఫార్సాలస్‌లో, క్రీ.పూ. 48లో, సీజర్ ప్రత్యర్థి పాంపే గుర్రపు దళం మీదకొస్తే ఈటెలు విసరొద్దు, చేత్తోనే పట్టుకుని మొహాల మీదకి పొడవండి అని సీజర్ చెప్పినట్టు ప్లూటార్కే రాశాడు. తాకితే వంగేదాన్ని పట్టుకుని గుర్రాలకి ఎదురు నిలబడమంటే ఏ సైనికుడైనా నిలబడతాడా?

అప్పియన్ అనే ఇంకో పాత చరిత్రకారుడు మాత్రం కొస తప్ప మిగతా ఇనుము మెత్తన అని రాశాడు, నిజమే, దాన్ని దాటెయ్యను. మెత్తన ఎందుకుండాలి? గట్టి ఇనుము ఇంత సన్నగా సాగదీస్తే పెళుసుగా ఉండి పక్క దెబ్బకి టక్కున విరుగుతుంది. మెత్తటిది వంగుతుంది, సాయంత్రం దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలు కొడితే తిన్నగా అవుతుంది. విరగకుండా ఉండడానికి ఇచ్చిన మెత్తదనం అది. కొస గట్టిగా, కాడ సాగేలా, ఏ కమ్మరినడిగినా ఇదే సరైన పద్ధతి అంటాడు.

రెప్లికా చేసి విసిరి చూడాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో మూడో నెపోలియన్‌కి సీజర్ పిచ్చి, 1860లలో, సీజర్ గాల్ జాతివాళ్ళని ఓడించిన అలేసియాలో తవ్వకాలు చేయించి, దొరికిన పీలుమ్‌లని చూసి వెర్షేర్ ద రెఫీ అనే ఆర్టిలరీ ఆఫీసరు చేత కొత్తవి చేయించాడు. ఆ ఆఫీసరే తర్వాత ఫ్రెంచి సైన్యానికి మిత్రాయూజ్ అనే తొలితరం మెషీన్ గన్ తయారుచేశాడు, ఒకే వర్క్‌షాప్ బుర్రలోంచి రెండువేల ఏళ్ళ తేడా ఉన్న రెండు ఆయుధాలు, ఈ ముక్క నాకెందుకో భలే నచ్చుతుంది. ఆయన కాలంలో కూడా ఈటెని విసిరే పరీక్షించారు, గోడకి తగిలించి కాదు.

మా గుంపులో అవతలి వాదన ఏంటంటే, అబ్బాయ్, మనం ఎవర్నీ చంపం, పిల్లలు చూడ్డానికొస్తారు, ఇన్సూరెన్స్ వాళ్ళు మొద్దు కొసే ఉండాలంటారు, కనిపించడానికి బావుంటే చాలు అని. కవాతుకి మొద్దుదే వాడండి, నాకేం అభ్యంతరం లేదు, మైంజ్ మ్యూజియంలో రాతి మీద చెక్కిన లీజియనరీలా భుజాన పెట్టుకుని నడవండి. అక్కడితో ఆపండి మరి. దాన్ని నేలకేసి కొట్టి వంచి జనానికి చూపించి ఇదీ రోమన్ టెక్నాలజీ అనకండి. బంతిలాంటి బరువు తగిలించిన రకం సంగతీ ఇంతే, రోమ్‌లో కాన్చెల్లేరియా శిల్పంలో కనిపిస్తుంది కాబట్టి ఉండేదని ఒప్పుకోవచ్చు, అంతమాత్రాన ప్రతి షాపూ దాన్నే అన్ని శతాబ్దాల వాళ్ళకీ అంటగడితే ఎలా?

మీలో ఎవరైనా ఆర్డర్ చేసే ఆలోచనలో ఉంటే, ముఖ్యంగా ఇండియాలోనే ఉండి నేరుగా చేయించుకోగలిగితే, మీకు మాకంటే చాలా చవకలో అవుతుంది, డ్రాయింగు మీరే ఇవ్వండి. కాడ మొదట్లో పన్నెండు మిల్లీమీటర్లు ఉన్నా పర్లేదు, ములికి దగ్గరకొచ్చేసరికి ఏడుకి దిగాలి, ములికి కాడలోంచే సాగదీయాలి, వెల్డింగ్ వద్దని రాతపూర్వకంగా అడగండి. రివెట్లు ఇటునుంచి అటు దాకా పోవాలి, రెండు వైపులా తల కనపడాలి. చెక్క దిమ్మ గుప్పిట్లో పట్టాలి. వార్నిష్ బదులు అవిసె నూనె. కొస పదును మీద మాత్రం కొరియర్ వాళ్ళతో పేచీ వస్తుంది, అది మొద్దుగానే తెప్పించుకుని ఇంటికొచ్చాక ఆకురాయితో మీరే పెట్టుకోండి, ఓ గంట పని. నా పాతదాన్ని కోసేసి, కర్ర మాత్రం ఉంచుకుని, కొత్త కాడ ఆ పెద్దాయన చేత చేయించుకుంటున్నాను, డబ్బు వద్దన్నాడు, గోంగూర పచ్చడి సీసాలు రెండు అడిగాడు.